సన్న బూడిద

ఐస్‌లాండ్ ఉత్తర కొసన, చల్లారిన లావా రాళ్ల అంచున ఇంగున్ గొర్రెలు కాచుకుని బతికింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా తాతలనాటి మంద, దాన్ని ముందుండి నడిపించే గోల్సా అనే గొర్రె. తుఫాను పసిగడితే గోల్సా కొట్టం గడప దాటేది కాదు. దాని తెలివి చూసి ఇంగున్ మురిసిపోయేది, మనుషుల్ని దానితో పోల్చి తిట్టేది కూడా.

ఒక వసంతంలో నిప్పుకొండ పగిలింది. ఇంగున్ గడ్డి నేల మీద బెత్తెడు మందాన గరుకు బూడిద పడింది. మంద కొట్టంలోనే ఉంది, పాత గడ్డి అడుగంటింది, ఈతల రోజులు దగ్గరపడ్డాయి. పొరుగు ముసలాయన గ్రీమూర్ తన గడ్డిలో సగం ఇస్తానన్నాడు. ఒకరి గడ్డి మేపడం ఇంగున్‌కు నామోషీ.

కనుమ అవతలి నుంచి తమ్ముడు కేతిల్ వచ్చాడు.

"తోలుకొచ్చెయ్యక్కా. మా లోయలో పడిందీ ఓ బూడిదేనా? మా ఆవిడ రొట్టె మీద జల్లే పిండే అంతకన్నా ఎక్కువుంటుంది."

"దాని రొట్టె తిన్నాన్లేరా. ఆ పిండే కాస్త నయం," అని ఇంగున్ నవ్వింది.

ఆ నవ్వుతోనే బయలుదేరింది. గోల్సా ఎక్కడా మొరాయించలేదు. దాని వెనకే మందంతా కనుమ దాటి పచ్చగడ్డి మీద పడింది.

కొద్ది రోజులకే గొర్రెలు మేత మానేశాయి. మోకాళ్ల మీద పడి లేవలేకపోయాయి. పశువుల డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"బరువైన గరుకు బూడిద కొండ దగ్గరే పడిపోతుందమ్మా. సన్నదే ఇంత దూరం వస్తుంది, విషమూ దానికే ఎక్కువ పట్టుకుంటుంది. కళ్లకు ఆనదు కదా, శుభ్రమైన గడ్డే అనుకుంటాం."

"మా కొట్టంలోనే ఉంచి, పాత గడ్డి పెట్టుంటే?"

కొట్టంలోనే పాత గడ్డి తిన్న గ్రీమూర్ గొర్రెలు ఒక్కటీ చావలేదని ఆమెకు అప్పటికే కబురొచ్చింది. చేజేతులా చంపుకున్నానని ఇంగున్ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది.

చివరికి గోల్సా ఒక్కటే కాళ్ల మీద నిలబడింది, అదీ వణుకుతూ. కేతిల్ తుపాకీ తెచ్చాడు. అతను దగ్గరికెళ్లినకొద్దీ అది తూలుతూ దూరం జరిగింది.

"నన్ను రానివ్వట్లేదక్కా. ఇలా పరిగెత్తిస్తే ఇంకా హింస. నువ్వు పిలు."

"నా వల్ల కాదురా."

"ఇంకెవరు పిలిచినా రాదక్కా."

ఇంగున్ సన్న గొంతుతో దాన్ని పేరు పెట్టి పిలిచింది. గోల్సా తలెత్తి చూసింది. పడుతూ లేస్తూ వచ్చి, ఆమె ఒడిలో మూతి పెట్టింది.