అత్తయ్య కొంగున బెల్లం

ఈ రోజు అత్తయ్యతో విడవలూరు నుంచి నెల్లూరుకు బయలుదేరాను. ఆమెకు చక్కెర జబ్బు. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుంది; ఆ తర్వాత వేళకు తినకపోతే ప్రమాదం. దారిలో బస్సు చెడిపోయి, భోజనం వేళ దాటిపోయింది. నేను డ్రైవరుతో జగడమాడి వచ్చేసరికి అత్తయ్యకు చెమటలు, చేతుల వణుకు. కొంగుముడి విప్పి బెల్లం నోట్లో వేసుకుంది.

పక్కనున్న పెద్దావిడ ఊరుకోలేదు. "చక్కెర జబ్బంటివి, బెల్లం తింటుండావే? చావాలనుందా?"

"తినకుంటేనే చస్తానక్కా. ముందు తిననీ, ఆనక తిడుదువులే."

కాసేపటికి వణుకు తగ్గింది. పెద్దావిడ తన చద్దిమూట విప్పి అత్తయ్య ముందు పెట్టింది.

ప్రాణం మీదికొచ్చినా ఇంత నిదానంగా జవాబు చెప్పే మనిషి మా ఇంట్లో ఈవిడొక్కతే. మీ ఇళ్ళలో ఎవరైనా ఉన్నారా?