తాతగారి జబ్బు

క్రైస్ట్‌చర్చ్ వెళ్లే బస్సులో నా పక్క సీటు హరుకో గారిది. ఎనభై దాటిన జపాన్ ఆవిడ, న్యూజిలాండ్‌లోనే స్థిరపడ్డారు. ఆ సాయంత్రం అక్కడి జపాన్ కుటుంబాల సభలో వాళ్ల తాతగారి గురించి మాట్లాడాలట. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆయన జపాన్‌లో మంత్రి.

"చైనా మీదికి సైన్యాన్ని పంపడానికి తాతగారు ఒప్పుకోలేదు. దాంతో పదవి పీకేశారు. పేపర్లలో మాత్రం అనారోగ్యంతో రాజీనామా అని వేయించారు," అన్నారావిడ.

"మా వైపూ అంతే ఆంటీ! పదవి ఊడగానే ఛాతీలో నొప్పి వస్తుంది," అన్నాను. పదవి కోసం పెదవి మూసుకునేవాళ్లనే చూసి పెరిగినవాణ్ణి. నేనైతే మేనేజరు తుమ్మినా చిరంజీవ అనే రకం.

ఆవిడ నవ్వలేదు. "మా ఇంట్లో ఇప్పటికీ ఆ అబద్ధమే చెబుతారు. అదే మర్యాదట. సభ పెట్టింది మా తమ్ముడి కొడుకు. పెద్దలొస్తారు, గొడవెందుకు, అనారోగ్యమనే చెప్పమన్నాడు."

"మరి మీరేం చెబుతారు?"

"పదవి పోయిన రోజు పొద్దున కూడా ఆయన రెండు గిన్నెల అన్నం తిన్నారు బాబూ. వడ్డించింది మా అమ్మే."

బస్సు ఆగింది. ఆవిడ సంచి నేను అందుకున్నాను. కింద నిలబడ్డ మేనల్లుడు నడుం వంచి నమస్కరించి, "అత్తా, ముత్తాతగారి అనారోగ్యం సంగతి మర్చిపోవద్దు," అన్నాడు.

డ్రైవరుకు థాంక్యూ చెప్పి దిగారావిడ.

"ఆయనకి ఏ జబ్బూ లేదురా. ఉన్నదల్లా మొండితనం. అది నాకూ వచ్చింది."

నేను వెళ్లాల్సింది వేరే వైపు. అయినా సంచి పట్టుకుని ఆవిడ వెనకే సభకు నడిచాను.