కాళ్ళు పడని ఫోటో

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది సంతకానికి తప్ప మరి దేనికీ పనికిరాలేదు. వీధి వీధంతా ఆయన్ని నవ్వండిగారనే పిలుస్తుంది. స్టూడియోలో స్టూలు మీద ఎవరు కూర్చున్నా, పాస్‌పోర్టు ఫోటోకైనా సరే, కెమెరా వెనకనుంచి "కొంచెం నవ్వండి" అనడం ఆయన అలవాటు. పంటినొప్పితో దవడ వాచి వచ్చిన గుమాస్తాను కూడా నవ్వమన్న ఘనుడాయన. ఇంతమందిని బతిమాలినా మనసారా నవ్విన మొహం ఒక్కటీ దొరకలేదని ఆయనకు లోలోపల ఒక వెలితి. నవ్వమనగానే మనుషులు పళ్ళు చూపిస్తారే తప్ప నవ్వరు.

ఆ వెలితి తీరుతుందనే జూమ్ లెన్సు కొన్నాడు. ఎవరో వాడి వదిలేసినదే, అంచున చిన్న గీత కూడా ఉంది. దాని రింగు ఒకవైపు తిప్పితే వీధి చివరనున్న మనిషి ముక్కు ముందుకొచ్చి నిలబడతాడు, రెండోవైపు తిప్పితే వీధంతా ఫోటోలో పడుతుంది. కొన్ననాటి నుంచీ ఆయన తిండి ధ్యాస మరిచి దాంతోనే కాపురం చేస్తున్నాడని భార్య అందరికీ చెప్పుకుంది. ఆయనకు ముద్దొచ్చింది మాత్రం మరొకటి. ఇన్నాళ్ళూ ఫోటో తీయాలంటే మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడి అడగాలి. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. స్టూడియో కిటికీ దగ్గర నిలబడి ఒక కన్ను మూసుకుంటే చాలు.

అలా ఒక పొద్దున లెన్సును వీధి చివరికి గురిపెట్టాడు. తాళాలు బాగుచేసే ఆయన ఇటు వీపు పెట్టి, చేతిలో తాళంచెవిని వెలుతురుకు పట్టి, పళ్ళు సరిగ్గా అరిగాయో లేదోనని తల పక్కకు వంచి చూసుకుంటున్నాడు. ఆయనకు అవతల, మధ్యలో ఒక బస్సు పట్టేంత దూరాన, కుట్టుపని చేసే ఆవిడ కొట్టు గుమ్మం. ఆవిడ బయటికొచ్చి ఒక గుడ్డ దులిపింది, తలెత్తింది, నవ్వింది. నవ్వండిగారు బటన్ నొక్కాడు.

ఆవిడ నవ్వండిగారికి పరాయిది కాదు. అన్నయ్యా అని పిలుస్తుంది. ఫోటోలు కడిగే చీకటిగదికి నల్లతెర కుట్టిందీ, ఫోటోల్లో వెనక కనబడే నీలం పరదాకు అంచు వేసిందీ ఆవిడే. ఆ నల్లతెర వెనక, ఎర్రబల్బు కింద, మందునీళ్ళ పళ్ళెంలో కాగితం మీద ఆవిడ మొహం నెమ్మదిగా తేలింది. దూరాన్నుంచి లాగి తీసిన ఫోటో కదా, ఇద్దరి మధ్యా ఉన్న నేల మాయమైపోయింది. నడుము పైభాగాలే పడ్డాయి, కాళ్ళు పడలేదు. తాళాలాయన తల వంచి ఏదో చెబుతున్నట్టూ, ఆవిడ ఆయన మొహంలోకి చూసి మురిసిపోతున్నట్టూ ఉంది. ఆ నవ్వు ఎక్కడిదని నవ్వండిగారు ఆలోచించలేదు. ఇన్నేళ్ళకు దొరికింది, అంతే చాలనుకున్నాడు.

స్టూడియో ముందరి అద్దాల పెట్టెలో పెట్టబోతూ, ఆవిడకు ఒక మాట చెబితే బాగుంటుందేమో అనుకున్నాడు. అడిగితే వద్దంటుందని తెలుసు. తెలుసు గనకే అడగలేదు. పైగా ఒక అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో "అనురాగం" అని రాసి కింద ఆనించాడు.

రెండ్రోజులు పొగడ్తలే. దగ్గరితనమంటే ఇదీ అని పక్కవీధి ఫోటోగ్రాఫరు భుజం తట్టి వెళ్ళాడు. మూడో రోజునుంచి అద్దం ముందు ఆగినవాళ్ళు పొగడటం మాని గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఆవిడ మొగుడు లారీ డ్రైవరు, బండెక్కితే వారాల తరబడి ఇంటికి రాడు. తాళాలాయనకేమో భార్య పోయింది. అంతకంటే ఏం కావాలి జనానికి? గోరంతను కొండంత చేశారు. కొందరు కుట్టడానికిచ్చిన బట్టలు సగంలోనే వెనక్కి తీసుకుపోయారు. అత్తగారు ఆవిడతో మాట మానేసింది. తాళాలాయన తన పెట్టె సర్దుకుని వేరే మలుపుకి మారిపోయాడు.

ఈ సంగతి నవ్వండిగారికి చెప్పింది భార్యే. ఆయనకు తల కొట్టేసినట్టయింది. చడీచప్పుడు లేకుండా ఫోటో తీసేసి సొరుగులో దాచాడు. దాంతో వ్యవహారం ఇంకా ముదిరింది. నిప్పు లేనిదే పొగ రాదు, ఏదో ఉంది గనకే తీసేశాడు అన్నారు. అది లెన్సు చేసిన మాయ అని నలుగురిలో చెబితే సరిపోయేదే. కానీ చెబితే ఆ పొగడ్తలన్నీ గంగలో కలుస్తాయి. అందుకే ఇవాళ కాదు రేపని వాయిదా వేస్తూ కూర్చున్నాడు. బేరాలు లేక కొట్టు మూసేసిందని తెలిసీ, ఆవిడ ఎదురుపడుతుందేమోనని సందు చుట్టూ తిరిగి ఇంటికెళ్ళేవాడు.

డ్రైవరు తిరిగొచ్చాడనీ, ఆవిడ పుట్టింటికి వెళ్ళడానికి మూట కట్టుకుంటోందనీ తెలిసిన రోజున భార్య అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"మీకు నోరున్నది నవ్వండి అనడానికేనా?" అంది.

ఆయన కంచం ముందునుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని కుట్టుపని ఆవిడ ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి, తప్పు తనదేననీ, వాళ్ళిద్దరూ దూరదూరంగా ఉన్నారనీ చెప్పాడు. డ్రైవరు తలెత్తలేదు. అత్తగారే జవాబిచ్చింది.

"నాలుగ్గోడల మధ్య చెబితే ఏం లాభం నాయనా? కుండకైతే మూకుడుంది గానీ లోకం నోటికి మూకుడేదీ?"

మర్నాడు నవ్వండిగారు కిటికీ దగ్గర కెమెరాను స్టాండుకు బిగించాడు. తాళాలాయన్ని కాళ్ళావేళ్ళా పడి పిలుచుకొచ్చాడు, డ్రైవరునూ అత్తగారినీ వీధివాళ్ళనూ రమ్మన్నాడు. "నిలబడతాను గానీ ఈసారి నా బట్టతల పడనీయకండి" అంటూ ఆయన పాతచోటే నిలబడ్డాడు. ఆవిడ తన కొట్టు గుమ్మంలో నిలబడింది, ఈసారి నవ్వకుండా. అత్తగారు ముందుగా కెమెరాకు కన్ను ఆనించింది.

"ఆనుకునే ఉన్నారుగా!" అంది.

నవ్వండిగారు రింగు రెండోవైపు తిప్పాడు. "ఇప్పుడు కాళ్ళు చూడండి పెద్దమ్మా."

పెద్దావిడ చాలాసేపు చూసింది. కెమెరా వదిలి నేరుగా వీధిలోకి చూసింది, మళ్ళీ కన్ను ఆనించింది. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "చూడరా. మధ్యలో నీ లారీ పడుతుంది" అంది.

డ్రైవరు చూశాక జనం వరస కట్టారు. అదొక తమాషా అయిపోయింది. ఒకసారి దగ్గరికీ ఒకసారి దూరానికీ రింగు తిప్పుతూ, వచ్చిన ప్రతివాడికీ నవ్వండిగారు ఒకే మాట చెప్పాడు. "అనురాగమని రాసింది నేనే. అబద్ధమని తెలిసే రాశాను." చెప్పగా చెప్పగా తేలికవుతుందనుకున్నాడు, కాలేదు. బట్టలు వెనక్కి తీసుకుపోయినవాళ్ళు కూడా చూసి, ఔరా అని నవ్వుకుంటూ వెళ్ళారు.

అందరూ పోయాక ఆవిడ కిటికీ దగ్గరికొచ్చింది. ఆయన చేతులు జోడించాడు.

"వీధిలో ఇంతమంది ఇన్ని మాటలన్నారు అన్నయ్యా" అంది ఆవిడ. "నేను ఎవర్ని చూసి నవ్వానో ఒక్కరూ అడగలేదు. మీరూ అడగలేదు."

"ఎవర్ని చూసి, చెల్లెమ్మా?"

"మిమ్మల్నే. కొత్త లెన్సు కొన్నారని వదిన చెప్పింది. కిటికీలో కెమెరా ఎత్తిపట్టి కనబడ్డారు. పాపం, మా అన్నయ్య రోజంతా నవ్వండి నవ్వండి అని అందర్నీ బతిమాలుతుంటాడు, ఈసారి అడక్కుండానే నవ్వుదామనిపించింది."

కోపంగా అన్నా బాగుండేది. ఆవిడ మామూలుగా చెప్పి, కొట్టు తాళం తీయడానికి వెళ్ళిపోయింది. కాసేపట్లో కుట్టుమిషను చప్పుడు వినబడింది. నవ్వండిగారు సిగ్గుతో చితికిపోయి, కిటికీ రెక్క మూసి, స్టూలు మీద కూలబడ్డాడు. ఏళ్ళ తరబడి అందరినీ అడుక్కున్నది ఒకరు అడక్కుండా ఇస్తే, దాన్ని తెచ్చి తను అద్దాల పెట్టెలో అలా పెట్టాడు.

సాయంత్రం ఒక ముసలి జంట ఫోటోకి వచ్చారు. లైట్లు సర్దాడు, కెమెరా వెనక్కి వెళ్ళాడు. మాట నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. వాళ్ళు ఎదురుచూశారు. చివరికి ముసలాయనే అడిగాడు.

"నవ్వమంటారా?"

"మీ ఇష్టమండీ" అన్నాడాయన, తల దించుకుని.