బంకాయన ఏరేసిన మూడు కాగితాలు

ఆయన అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉంది. నలభై ఏళ్ళుగా బంక చేతులతో ఆ బోర్డును సరిచేస్తూ ఉండడం వల్ల ఇప్పుడు అక్కడ పేరు కనపడదు, బంకే కనపడుతుంది. అందుకని అందరూ ఆయన్ని బంకాయన అనే అంటారు.

పని పుస్తకాలు బైండు చేయడం. బడి ఆరో తరగతితో ఆగిపోయింది కానీ చదవడం మాత్రం ఆగలేదు. కొట్టుకు ఏది వస్తే అది చదివేవాడు. పశువైద్యంలో మూడో సంపుటం ఒక్కటే వచ్చింది కాబట్టి ఆయనకు మందులన్నీ తెలుసు, ఏ జబ్బుకో తెలియదు. ఆయన పైకి చదువుతుంటే భార్య ఎదురుగా పీట మీద కూర్చుని కాగితాలు కుట్టేది. కథ బాగుంటే సూది ఆగిపోయేది. చట్టాల పుస్తకమైతే మధ్యాహ్నానికల్లా కుట్టు పూర్తయ్యేది.

ఆయనకో సూత్రం ఉంది. ఒకే సంగతి రెండుసార్లు వస్తే అందులో ఒకటి ప్రెస్సువాడి పొరపాటు, దాన్ని తీసేయాలి. ఒకసారి లావుపాటి నిఘంటువులో ఒకే ఫారం, అంటే పదహారు పేజీల మడత, రెండుసార్లు పడితే పట్టుకున్నాడు. ప్రెస్సు యజమాని స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి విడిపించుకోవడానికి ఆయనకు కాసేపు పట్టింది. అప్పటినుంచీ బంకాయన ఏ పుస్తకాన్నైనా దొంగను వెతికే పోలీసులా చూసేవాడు.

ఒక గురువారం టీచరమ్మ వచ్చింది. గుడ్డసంచిలోంచి రెండు వందల దాకా విడి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. యూదుల పవిత్ర గ్రంథమైన హెబ్రీ లేఖనాల గురించి ముప్ఫై ఏళ్ళుగా పాఠం చెబుతూ రాసుకున్నవి. ధర్మశాస్త్రం, ప్రవక్తలు, రచనలు అని మూడు భాగాలు. ఎవరు రాశారు, ఎప్పుడు పోగు చేశారు, ఆ జనం తమ దేవుణ్ణి ఎలా అర్థం చేసుకున్నారు, అన్నీ అందులో ఉన్నాయి.

"అన్నయ్యా, ఇదొక్కటే ప్రతి. సోమవారం నా ఉద్యోగం అయిపోతుంది. కొత్తగా వచ్చే అమ్మాయికి ఇది అప్పజెప్పి వెళ్ళాలి. కళ్ళు మసకేశాయి, మళ్ళీ రాయలేను. జాగ్రత్త."

"నా చేతిలో పెట్టాక ఇంకా జాగ్రత్తేమిటమ్మా!" అన్నాడాయన.

శనివారం ఆమె వచ్చేసరికి పుస్తకం సిద్ధంగా ఉంది. నల్లటి అట్ట, గట్టి వెన్ను. టీచరమ్మ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని తిప్పింది. ముందుకు తిప్పింది, వెనక్కు తిప్పింది.

"అన్నయ్యా, మట్టి మనిషి ఏడీ?"

"తీసేశానమ్మా," అన్నాడు బంకాయన, నిఘంటువు నాటి గర్వంతో. "సృష్టి కథలో మనిషిని ఆరో రోజునే చేసేశారు కదా. మళ్ళీ తర్వాతి కాగితంలో మట్టితో ఇంకోసారి చేస్తున్నారు. పైగా వరుస కూడా తప్పు. మొదటి దాంట్లో చెట్లు, జంతువులు అయ్యాక మనిషి. రెండో దాంట్లో మనిషి ముందు, చెట్లు తర్వాత."

టీచరమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఇంకేం తీశావు?"

"ప్రళయంలో జంతువుల్ని ఎక్కించిన నోవహు ఓడ. ఒకచోట జాతికి ఒక జత అన్నారు, ఇంకోచోట శుద్ధమైనవి ఏడేసి జతలన్నారు. ఉన్నది ఒక్క ఓడ. ఏడేసి జతలంటే ఇరుకైపోతుందని ఒక జతే ఉంచాను."

"దావీదు రాజు?"

ఈసారి భార్య అందుకుంది. "ఆయన కథ కూడా రెండుసార్లుందమ్మా. ఒకదాంట్లో పరాయివాడి పెళ్ళాన్ని తెచ్చుకున్న సంగతి ఉంది, రెండోదాంట్లో దాని ఊసే లేదు. ఉన్నదాన్నే ఉంచమని నేనే చెప్పాను. రాజైతే మాత్రం దాచిపెడతామా?"

"వదినా, ఆ కాగితం వెనకవైపునే కదా అసలు సంగతి రాశాను! రెండేసి కథల్ని అలాగే ఎందుకు ఉంచారో!"

"చదివానమ్మా," అన్నాడు బంకాయన నీళ్ళు నములుతూ. "అది ఆ కాలం వాళ్ళ సంగతి అనుకున్నాను, మన కుట్టు సంగతి అనుకోలేదు."

"చదివింది ఏనాడు ఒంటబట్టింది ఈయనకి!" అంది భార్య.

"పోనీ, ఆ కాగితాలిలా ఇవ్వు. వెనకాల అంటించుకుంటాను."

బంకాయన పుస్తకం వెన్ను వైపు చూశాడు. భార్య గోడ వైపు చూసింది. వెన్ను గట్టిగా ఉండాలంటే గుడ్డ కింద పనికిరాని కాగితం మడిచి అంటించాలి. మూడు కాగితాలూ అక్కడున్నాయి, మూడు పొరలుగా.

టీచరమ్మ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. ముప్ఫై ఏళ్ళ బతుకును ఒళ్ళో పెట్టుకుని ఊరికే నిమురుతూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది బంకాయనకు. నలభై ఏళ్ళలో తిరిగొచ్చిన పుస్తకం లేదు. ఇప్పుడు తన చేత్తో తానే అట్ట ఊడదీశాడు.

తడిగుడ్డ వెన్ను మీద వేసి, బంక నానేదాకా ఆగి, చీమ కాలు పట్టుకున్నంత మెల్లగా ఒక్కో పొరా లాగాడు. తాను పెట్టిన బంక ఇంత గట్టిదా అని మొదటిసారి విసుక్కున్నాడు. మట్టి మనిషి బాల్‌పెన్నుతో రాసినవాడు, క్షేమంగా బయటపడ్డాడు. ఏడు జతలూ వచ్చాయి. మూడో కాగితం సిరాతో రాసింది. ముందువైపు ఎలాగో మిగిలింది. వెనకవైపు పైనున్న నాలుగు వరుసలు నిలిచాయి, కిందంతా నీలిమబ్బు.

టీచరమ్మ కాగితాన్ని ముక్కుకు ఆనించుకుంది. "గుడి కాలిపోయింది, రాజు ఖైదీ అయ్యాడు, జనాన్ని బబులోను దేశానికి తోలుకుపోయారు. చేత్తో మోసుకుపోగలిగిన గ్రంథపు చుట్టలే మిగిలాయి. పెద్దలు వాటినన్నిటినీ పోగు చేసి, ఒకే కథ రెండు రకాలుగా ఉన్నా ఏదీ పారేయలేదు. ఎందుకంటే..." ఆగిపోయింది. "ఎందుకంటే తర్వాత ఏం రాశానో గుర్తు రావడం లేదన్నయ్యా. పాతికేళ్ళ కిందటిది."

"నాకు గుర్తుంది!" అన్నాడు బంకాయన లేచి నిలబడి. "ఎందుకంటే దేవుడు ఒక్క నోటితో చెబితే అయిపోయేవాడు కాదు."

"కాదు," అంది భార్య. "ఎందుకంటే ఏది నిజమో తేల్చడానికి మనమెవరమని వాళ్ళకు భయమేసింది."

"చదివింది నేను!"

"విన్నది నేను. నువ్వు చదివేటప్పుడు నీ గొంతు నీకు వినపడుతుంది, మాట వినపడదు."

"నీ సూది శబ్దానికి సగం నీకే వినపడలేదు!"

"ఆ మాట దగ్గర సూది ఆపానయ్యా! అందుకే గుర్తుంది."

ఇద్దరూ టీచరమ్మ వైపు తిరిగారు. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మొదట పెదవులు అదిరాయి, తర్వాత భుజాలు ఊగాయి. వచ్చిన దగ్గర్నుంచి మొదటిసారి నవ్వింది. కళ్ళు తుడుచుకుని ఒక తెల్లకాగితం అడిగింది. పెద్ద పెద్ద అక్షరాలతో చాలాసేపు రాసి బంకాయన చేతికిచ్చింది.

ఆయన చదివాడు. పైన భార్య చెప్పింది, కింద తాను చెప్పింది, మధ్యలో గీత కూడా లేదు.

"నాది కిందా?" అన్నాడు.

"ఏది ముందో నాకు తెలియదన్నయ్యా. నువ్వూ తేల్చకు."

రెండూ ఒకే సంగతి కదమ్మా, ఒకటి తీసేద్దాం అని నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆ కాగితాన్ని మట్టి మనిషితో, ఏడు జతలతో, రెండో దావీదుతో కలిపి భార్యకు అందించాడు.

"కుట్టు," అన్నాడు.