కరీముల్లా గారు పోవాల్సిన గది

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వరికోతల రోజుల్లో, బందరులో నేను పనిచేసే ఆస్పత్రివాళ్లు నన్ను వార్డు నుంచి పాలియేటివ్ వ్యానుకు మార్చారు. వార్డులో ఆయాని, వ్యానులోనూ ఆయానే. పాలియేటివ్ అంటే జబ్బు నయం చేసేది కాదు. ఇక నయం కాదని తేలినవాళ్ల ఇంటికే వెళ్లి నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, ఒళ్లు ఎలా తుడవాలో ఇంట్లోవాళ్లకు నేర్పడం. పైమాట డాక్టరు గారిది, కానీ ఆయన రోజూ రారు. రోజూ వచ్చేది రత్నకుమారి సిస్టరు. నాగాయలంక మనిషి, ఆదివారం చర్చి మానదు. ఆవిడ కింద నేను. ఒకరోజు దివిసీమ, ఒకరోజు గుడివాడ, మిగతా రోజులు బందరు చుట్టుపక్కల. మేం చూసేది ముసలివాళ్లనే. చేపలు పట్టినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, పొలాలున్నవాళ్లు. జబ్బు ఒకటే అయినా ఏ ఇంటి పట్టింపు ఆ ఇంటిదే.

గుడివాడలో మేం చూసిన కరీముల్లా గారు దర్జీ. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సరు ఎముకల్లోకి దిగింది. పిల్లల్లేరు. ఆయన, భార్య ఫాతిమాబీ, సీతారావమ్మ గారి ఇంటి వెనక భాగంలో ఎన్నో ఏళ్లుగా అద్దెకు ఉంటున్నారు. ముందు భాగంలో సీతారావమ్మ గారు ఒక్కరే. ఆవిడా నాలాగే భర్త పోయిన మనిషి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన తల ఉత్తరానికి ఉంది. బతికున్న మనిషి అలా పడుకోకూడదని మా ఇళ్లలో అంటారు. నేనూ సిస్టరూ కలిసి మంచం తిప్పేశాం. మరుసటి వారానికి మళ్లీ ఉత్తరానికే ఉంది. మళ్లీ తిప్పబోతే ఫాతిమాబీ మంచం కోడు పట్టుకుంది.

“మీరు తిప్పి పోతారు, నేనేమో కుస్తీ పట్టి మళ్లీ తిప్పుకోవాలి. ఇట్టా ఉంటేనే తల్లీ, కుడిపక్కకి ఒత్తిగిలితే మొహం పడమరకి వస్తుంది” అంది.

పడమర వాళ్లకు మక్కా దిక్కు. అయితే అప్పటికే కుడి తుంటి మీద చర్మం ఎర్రబడింది. పుండు పడబోతోందనడానికి అదే గుర్తు. రోజంతా కుడివైపే ఉంచితే కుదరదని సిస్టరు చెప్పింది. నమాజు వేళల్లో కుడి, మిగతాప్పుడు ఎడమ, కింద గాలి పరుపు అని ఒప్పందం కుదిరింది. నొప్పికి మార్ఫిన్ బిళ్లలు. అవి నొప్పి వచ్చాక వేసుకునేవి కావు, రాకముందే వేళ తప్పకుండా వేసుకునేవి. ఇది ఇంట్లోవాళ్లకు నచ్చజెప్పడమే మా పనిలో సగం.

నొప్పి అణిగాక ఆయన కాస్త మాట్లాడేవారు. తర్వాత తిండి తగ్గింది, నిద్ర పెరిగింది. ఆ గుర్తులు సిస్టరుకు తెలుసు. ఆ దశలో ఆఖరి రోజులు ఎక్కడ గడపాలనుకుంటున్నారని మనిషినే అడగాలి, అది మా పద్ధతి. సిస్టరు అడిగింది. “ఈ గదిలోనే. నా మిషను కనపడాలి” అన్నారు.

నేను పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే సీతారావమ్మ గారు పిలిచారు. గొంతు తగ్గించి, ఆఖరి ఘడియ దగ్గరకొచ్చే ముందే ఆయన్ని ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నారు. ధనిష్ఠ మొదలు అయిదు నక్షత్రాల్లో ఎప్పుడు మనిషి పోయినా ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలని మాలో పట్టింపు ఉంది. మా ఆయన పోయేముందు, మేం అద్దెకున్న ఇంటివాళ్లు నాకు చెప్పింది కూడా ఇదే. మా ఆయన ప్రాణం ఆస్పత్రి వరండాలో పోయింది. అందుకని నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు, నీరసం వచ్చింది అంతే.

“నేనేం రాక్షసినా వెంకాయమ్మా? రోజూ చారు కాచి ఇచ్చేది నేనేగా. కానీ ఇల్లు మూస్తే నేనెక్కడికి పోను? ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?” అన్నారు.

ఇది డాక్టరు గారికి చెబితే, ఇంటివాళ్లకూ అద్దెవాళ్లకూ మధ్య మనం దూరకూడదు, కావాలంటే వార్డులో మంచం ఇప్పిస్తానన్నారు. ఆయన చెప్పింది తప్పు కాదు. సిస్టరు మాత్రం ఇద్దరు ఆడవాళ్లనీ ఒకచోట కూర్చోబెడదామంది.

వెనక గుమ్మంలో కూర్చోబెట్టాం. సీతారావమ్మ గారు తలొంచుకునే తన మాట చెప్పారు. ఫాతిమాబీ, “ఆయన పోయాక నాలుగు నెలల పది రోజులు నేను ఈ గడప దాటకూడదక్కా. మాకు ఇద్దత్ అని ఉంటుంది. ఇల్లు మూస్తే నేనెక్కడ కూర్చోను, నీ బావి గట్టు మీదా?” అంది.

సీతారావమ్మ గారు నా వైపు చూశారు. అప్పటిదాకా ఆవిడకు ఆ సంగతి తెలియదు. ఇల్లు మూయడం అంటే సీతారావమ్మ గారు కూడా రోడ్డున పడడమేనని ఫాతిమాబీకీ తెలియదు. ఒకరింటి సేమ్యా పాయసం, ఒకరింటి పులిహోర ఇన్నేళ్లూ తిన్నారు. చావుల సంగతి ఎవరూ ఎవరినీ అడగలేదు.

సీతారావమ్మ గారు వాళ్ల పురోహితుణ్ణి అడిగి వచ్చారు. రెండు భాగాలకూ మధ్య ఒక తలుపు ఉంది, గిన్నెలు అటూ ఇటూ వెళ్లేది అందులోంచే. అది ఉన్నంతవరకు అంతా ఒకే ఇల్లు. దాన్ని ఇటుకలతో పూడ్చేస్తే రెండు ఇళ్లు, దోషం వెనకదానికే పరిమితం అన్నారట. “ఆ దోషాలు మాకు లేవులే అక్కా, నేనుంటా” అంది ఫాతిమాబీ.

మేస్త్రీ తాపీ చప్పుడు గదిలోకి వినపడుతుంటే కరీముల్లా గారు కళ్లు తెరిచారు. “అప్పుడే గోరీ కడుతున్నారా, నేనింకా ఉన్నానుగా” అన్నారు. సందు చుట్టూ తిరిగి వచ్చిన సీతారావమ్మ గారిని చూసి, “నేను కుట్టిన రవికే తొడుక్కుని నాకే గోడ కడుతున్నావా చెల్లెమ్మా. కొలత సరిగ్గా తీసుకోమను వాణ్ణి” అన్నారు.

“అన్నీ పడిపోయినా నీ నోరు మాత్రం పడిపోలేదు” అని ఆవిడ తడిదూదితో ఆయన పెదాలు తుడిచారు.

మేం మళ్లీ వెళ్లిన రోజునే, అన్నాల వేళ, ఆయన పోయారు. కుడిపక్కకి తిరిగి, పడమరకి మొహం పెట్టి. ఊపిరి ఆగిందని సిస్టరు చూసి చెప్పింది. మామూలుగా ఒళ్లు తుడిచి బట్టలు మార్చేదాన్ని నేనే. వాళ్లలో మగవాడి స్నానం మగవాళ్లే చేయిస్తారు. అందుకని పుండుకు కట్టు మార్చి, మూత్రం గొట్టం తీసి, మేం పక్కకు తప్పుకున్నాం.

సీతారావమ్మ గారు పంచాంగం చూపించుకున్నారు. ఆ అయిదు నక్షత్రాల్లో ఏదీ కాదు. గోడ అక్కర్లేకపోయింది. పగలగొట్టిస్తానని ఆవిడ అంటే ఫాతిమాబీ వద్దంది. ఇద్దత్‌లో పరాయి మగవాళ్లు, మేస్త్రీ అయినా సరే, గదిలోకి రాకూడదు. మనిషి పోయాక మా వ్యాను ఆ ఇంటికి పరామర్శకు ఒక్కసారే వెళ్తుంది. మేం వెళ్లేసరికి సీతారావమ్మ గారు మోకాళ్ల నొప్పులతో సందు చుట్టూ తిరిగి గిన్నె పట్టుకొస్తున్నారు. తర్వాత ఆ గోడ తీశారో లేదో నాకు తెలియదు.

పని మానేదాకా ప్రతి కొత్త ఇంట్లోనూ, మనిషికి ఇంకా మాట ఉండగానే, నేను మూడు సంగతులు అడిగాను. ఎక్కడ పోవాలనుకుంటున్నారు, ఆ ఇల్లు ఎవరిది, పోయాక అందులో ఎవరు ఉండాలి. చావు కోరుతున్నావా అని చాలామంది తిట్టారు. కొన్ని ఇళ్లలో అడిగినా లాభం లేకపోయింది, వార్డు మంచమే గతి అయింది. అయినా అడగాలి. మందులు డాక్టరు గారు ఎప్పుడైనా మార్చగలరు. ఈ సంగతులు మాత్రం ఆఖరి రోజున అడిగితే అప్పటికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.