టిన్ కెనాల్‌కి సన్మానం

మా ఆవిడ హైమవతి డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో పిల్లల డాక్టరుగా చేసి రిటైరైంది. మా తెలుగు సంఘంలో ఎవరికి సన్మానం జరిగినా శాలువాల పళ్ళెం పట్టుకుని వేదికెక్కేది తనే. తన భుజాల మీద మాత్రం ఏనాడూ ఒక్క శాలువా పడలేదు.

ఈ సన్మానాల పిచ్చికన్నా పాత పిచ్చి తనకి ఇంకొకటుంది. పంక్ రాక్ పాటల గోల తగ్గుతున్న రోజుల్లో ఇంగ్లండులో పుట్టిన ‘టిన్ కెనాల్’ అనే బ్యాండు. రెసిడెన్సీ చేస్తూ డెట్రాయిట్ క్లబ్బులో విన్నదట. వాళ్ళు మూడు ఆల్బమ్‌లు చేసి, పోట్లాడుకుని విడిపోయి, జుట్టు నెరిశాక మళ్ళీ కలిశారు. మొన్న డెట్రాయిట్‌లో వాళ్ళ ఆఖరి షో. హైమ హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టు శాలువా పెట్టింది.

“రాక్ షోకి శాలువా ఏమిటి, నీ మొహం! స్టేజి మీదికి ఏం విసిరినా ఆ సింగర్ తిరిగి జనం మీదికే విసిరేస్తాడని నువ్వే చెప్పావుగా!” అని కసిరాను.

“నలభై ఏళ్ళు పాడినాయన్ని ఉత్త చేతుల్తో ఎలా పంపిస్తామండీ?”

ఆఖరి పాట కాగానే జనాన్ని తోసుకుంటూ వెళ్ళి శాలువా అందించింది. ఇదేమిటని సింగర్ మైకులోనే అడిగాడు. ఎన్నాళ్ళో కష్టపడ్డవాళ్ళకి మేం ఇది కప్పుతామని హైమ అరిచి చెప్పింది.

“ఎప్పట్నుంచి వింటున్నారు మమ్మల్ని?”

“ఎయిటీ టూ!”

అతను స్టేజి దిగి వచ్చి, ఆ శాలువాని హైమకే కప్పాడు. హాలు దద్దరిల్లిపోయింది. హైమ జనంవైపు తిరిగి చేతులు జోడించింది.

“ఏమండీ, ఫోటో తీయండి!”

నేనెక్కడ తీస్తాను? రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తున్నాను.