కోకో కుప్ప తిప్పని రోజులు

పోయిన ఆదివారం రాప్తాడులో జరిగిన రైతుల సమావేశంలో మైకు చేతికివ్వగానే నేనొక తప్పు చేశాను. పరిశోధన ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్లయినా, కోకో అంటే మా జిల్లాలో ఇంకా నన్నే పిలుస్తారు. ఆ రోజు రైతులు తెచ్చిన ఎండు గింజలను, ఎవరివో నాకు తెలియకుండా, అంకెలు వేసిన పళ్లాల్లో పోసి నా ముందు పెట్టారు. గింజను కత్తితో కోసి లోపలి రంగు చూసి మార్కు వేయడం నా పని. బాగా పులిసిన గింజ లోపల మట్టి రంగులో చీలికలతో ఉంటుంది. ఒక పళ్లెంలో మాత్రం ఏ గింజ కోసినా పలక రంగే. మార్కు వేసి ఊరుకుంటే సరిపోయేది. ఈ రైతు గింజలు పులియబెట్టలేదు, కుప్ప మీద దుప్పటి పరుచుకుని నిద్రపోయాడు అన్నాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వుకు ఉబ్బిపోయి, ఆ నిద్రపోయిన పెద్దమనిషి ఎవరో లేచి నిలబడితే చూస్తామని కూడా అన్నాను.

వెనక వరసలో లేచి నిలబడిన మనిషి మా అన్న.

"అవి నావేలేప్పా," అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, భోజనానికి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.

అన్న అని పిలవడమే గాని మాది రక్తసంబంధం కాదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి కోస్తా నుంచి కోకో మొక్కలు జీపులో వేసుకొచ్చిన రోజుల్లో, బత్తలపల్లె చుట్టుపక్కల వేరుశనగ రైతులు నన్ను చూసి జాలిపడేవారు; వాన మొహం చూడని నేలలో నీడ కోరే చెట్టు పెట్టమనేవాడికి మతి ఉందా అని వాళ్లలో వాళ్లు అనుకునేవారు. బోరు కింద నాలుగు వరసల కొబ్బరిచెట్లున్న ఈయన ఒక్కడే, చచ్చిపోతే నీ మొక్కలే గదా పోయేది అని నవ్వుతూ గుంతలు తీశాడు. మొదటి ఎండాకాలం వడగాలికి ఆకులు అప్పడాల్లా విరిగిపోతుంటే, ఆయనా, వదినా, నేనూ మొక్క మొక్కకూ కొబ్బరిమట్టలు కట్టి, బోరు ఎండిన రోజుల్లో బిందెలతో నీళ్లు మోశాం. ఊళ్లో వాళ్లు మా ముగ్గురికీ పిచ్చి పట్టిందన్నారు.

కాయ కాశాక గింజలు పులియబెట్టడం నాకు పుస్తకాల్లోనే తెలుసు, ఆయనకు అదీ తెలియదు. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజలను కుప్ప పోసి, అరిటాకులూ గోనెలూ కప్పాలి. రోజు విడిచి రోజు కుప్పను అడుగు పైకి వచ్చేలా తిప్పాలి. మా మొదటి కుప్ప కుళ్లిపోయి వదిన చేత తిట్లు తినిపించింది. రెండోదానికి ఇద్దరం మోచేతుల దాకా చేతులు పెట్టి వేడి చూసుకునేవాళ్లం, బిడ్డకు జ్వరం చూసినట్టు. మొదట కల్లు వాసన, తర్వాత ఘాటైన పులుపు. కొన్నేళ్లకు ఆ వాసనను బట్టే ఇది మా అన్న కుప్ప అని కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఆయన తోటకు పోయాను. అన్న కొబ్బరిచెట్ల మధ్య కోకో కాయలు కోస్తున్నాడు, తల తిప్పలేదు. మాట్లాడింది వదిన.

"పోయిన నెల నీకు జొరమొచ్చి అనంతపురం ఆస్పత్రిలో పడుకోనుంటివే, నీ మంచం కాడ ఎవురుండ్రి? ఈడ కుప్ప తిప్పేదెవురు? నేను తిప్పుదామంటే నడుము వంగకపాయె. మీ అన్న నిద్రపాయె అని మైకులో సెప్తివంట గదా, అవునప్పా, ఆ ఆస్పత్రి కుర్చీలో కూర్చోనే నిద్రపాయె."

నాకు ఒళ్లు తెలియని ఆ రోజుల్లో, నుదుటి మీద ఒక గరుకు చెయ్యి పడుతూ ఉండేది. వేడి చూసి, కాసేపు ఆగి, మళ్లీ చూసేది. కుప్పలో పెట్టే చెయ్యి అది.

మార్కు మార్పిస్తానన్నాను. నోట్లోంచి వచ్చాకే ఆ మాట ఎంత చిన్నదో నాకే తెలిసింది.

అన్న అప్పుడు కొడవలి దించాడు. "మార్కు సరిగ్గానే ఏసినావు. గింజలు చెడిపోయిండేది నిజమే గదా. అంతమంది నగిరి సూడు, అది బాగలేదప్పా."

నేను మైకులో అన్న మాట, హాలు నవ్విన నవ్వు, ఎవరో వీడియో తీసి అప్పటికే రైతుల ఫోన్ గ్రూపులో పెట్టేశారు. అక్కడే, కొబ్బరిచెట్టుకు ఆనుకుని, అదే గ్రూపులో నా గొంతుతో చెప్పాను: ఆ గింజలు చెడింది అన్న నా మంచం పక్కన కూర్చున్నందుకని, మార్కు అలాగే ఉంటుందని, నా మాట మాత్రం తప్పని, నవ్వించినందుకు సిగ్గుపడుతున్నానని. అన్న విన్నాడో లేదో తెలియదు. కోసిన కాయలను నా ముందుకు జరిపాడు.

మా తొలి కుప్పల కాలంలో పళ్లాలూ అంకెలూ లేవు, గింజ నోట్లో వేసుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటే తెలిసిపోయేది. అంకెలు వద్దనను, అవి న్యాయమే. కాని ఆ పళ్లెం నా ముందుకొచ్చినప్పుడు ఒక్కసారి వంగి వాసన చూసి ఉంటే, చెడిన గింజల్లో కూడా ఆ తోటను పోల్చుకునేవాణ్నేమో. వాసన చూడటం నేనెప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం కాయలు పగలగొట్టి కుప్ప పోశాం. మంగళవారం మొదటి బస్సుకే పోయి కుప్ప తిప్పాను, గురువారం మళ్లీ తిప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని, అడుగున ఇంకా గింజలున్నాయని గద్దిస్తూనే ఉన్నాడు. ఇది రాస్తుంటే నా చేతులు ఇంకా పులుపు వాసన కొడుతున్నాయి. రేపు పొద్దున మళ్లీ పోవాలి.